ఒండ్రు కింద నల్లపొర: పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

చెరువు తవ్వకాల్లోనూ బోర్లలోనూ బయటపడే నల్లమట్టి గురించి, లిగ్నైట్ గురించి గోదావరి డెల్టా జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం.

ప్రశ్న: చేపల చెరువు కోసం పొక్లెయిన్‌తో తవ్విస్తుంటే పదిహేను అడుగుల లోతున అడుగు మందాన నల్లపొర తగిలింది. అందులో కుళ్లిపోని చెక్కముక్కలు, వేళ్లు ఉన్నాయి. ఎండబెట్టి పొయ్యిలో వేస్తే అంటుకుంది. ఊళ్లో అందరూ లిగ్నైట్ అంటున్నారు. తమిళనాడు నైవేలిలాగా ఇక్కడా గని వస్తుందా? — రైతు, రాజోలు మండలం

జవాబు: రాదండీ. మండినంత మాత్రాన లిగ్నైట్ అయిపోదు, ఎండిన పిడకా మండుతుంది. ఆకులు, వేళ్లు, కర్రలు నీళ్లలో మునిగి, గాలి అందక సగం కుళ్లి పేరుకుంటే వచ్చేది పీట్. దాని మీద వందల మీటర్ల మట్టి పడి, లక్షల, కోట్ల ఏళ్లపాటు బరువూ వేడీ తగిలితే నీరు పిండుకుపోయి లిగ్నైట్ అవుతుంది. ఇంకా లోతుకూ ఇంకా వేడికీ పోతే మనం రాక్షసి బొగ్గు అనేది తయారవుతుంది. నైవేలి లిగ్నైట్‌ను మయోసీన్ కాలానిదిగా లెక్కిస్తారు. ఆ కాలం 2.3 కోట్ల ఏళ్ల కిందట మొదలై 53 లక్షల ఏళ్ల కిందట ముగిసింది.

మీ చెరువు నేల వయసు వేరు. 20 వేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పటికంటే సుమారు 120 మీటర్లు దిగువన ఉండేది. ఖండాల మీది మంచు కరిగేకొద్దీ పైకొచ్చి, 6–7 వేల ఏళ్ల కిందట దాదాపు ఇప్పటి మట్టానికి చేరి నిలకడైంది. గోదావరి తెచ్చిన ఒండ్రు ఆ తర్వాతే సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ కోనసీమను కట్టింది. పదిహేను అడుగుల్లో దొరికేది మడ అడవిదో, ఉప్పుటేటి పక్క బాడవదో అయిన వేల ఏళ్ల నాటి పీట్, లేదా పీట్ కలిసిన బంకమట్టి.

ఇంటి దగ్గరే తేల్చుకునే దారి ఉంది. తవ్వినవెంటనే పచ్చిముద్దను పిడికిట్లో గట్టిగా పిండండి. గోధుమరంగు నీళ్లు కారినా, వేళ్ల సందుల్లోంచి ముద్ద జారినా అది పీట్. లిగ్నైట్‌లో సగం బరువు నీరే ఉన్నా చేత్తో పిండితే ఒక్క చుక్క రాదు, కత్తితో గీస్తే గోధుమరంగు గీత పడుతుంది. కాస్టిక్ సోడా ద్రావణంలో మరగబెట్టి రంగు చూసే పరీక్ష ఇక్కడ అక్కరకు రాదు. పీట్ అయినా లిగ్నైట్ అయినా ఆ నీళ్లు ముదురు గోధుమరంగుకు తిరుగుతాయి. రాక్షసి బొగ్గుకు మాత్రమే తిరగవు.

తర్వాత బూడిద చూడండి. 105 డిగ్రీల అవెన్‌లో బరువు ఇక తగ్గనంతవరకు ఆరబెట్టిన 100 గ్రాములు తీసుకుని, ఇనప మూకుట్లో నల్లదనం పూర్తిగా పోయేదాకా కాల్చి, మిగిలింది తూచండి. అంతర్జాతీయ లెక్క ప్రకారం బూడిద 25 శాతం దాటితే దాన్ని పీట్ అని కూడా అనరు. డెల్టా మట్టిలో 50, 60 గ్రాములు మిగలడం వింతేమీ కాదు, ఏటా వరదలో వచ్చిన బంకమన్ను ఆకులతో కలిసే పేరుకుంది మరి. ఈ పరీక్ష చెడేది ఎక్కువగా ఆరబెట్టే దగ్గరే. ఎండలో ఆరినదాన్ని పూర్తిగా ఆరిందనుకుని తూస్తారు, అందులో ఇంకా 10–20 శాతం తేమ ఉంటుంది. నత్తగుల్లలు కలిస్తే సున్నం కూడా బూడిద లెక్కలోకి వచ్చేస్తుంది. ముందే ఏరేయండి.

ప్రశ్న: బొగ్గును చూసి కోట్ల ఏళ్ల కిందట అక్కడ ఫలానా చెట్లుండేవని ఎలా చెబుతారు? మా పిల్లలకు చెప్పాలి. కాస్త వివరంగా రాయండి. — జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు, అమలాపురం

జవాబు: కొన్ని ఆనవాళ్లు కంటికే కనిపిస్తాయి. లిగ్నైట్ ముక్కను పొర వెంట చీలిస్తే ఆకు అచ్చులు, గింజలు, కర్రముక్కలు బయటపడతాయి. కర్రను పలచగా కోసి సూక్ష్మదర్శినిలో నాళాల అమరిక చూస్తే ఏ కుటుంబం చెట్టో తెలుస్తుంది. అయితే అసలు జాబితా ఇచ్చేది పుప్పొడి. రేణువు 10 నుంచి 100 మైక్రాన్ల సైజులో ఉంటుంది. దాని పైతొడుగు స్పోరోపొలెనిన్ అనే పదార్థం. ఆమ్లాలకు లొంగదు, గాలి తగలకపోతే కోట్ల ఏళ్లు చెక్కుచెదరదు. గాలి తగిలినా, తడిసి ఆరి మళ్లీ తడిసినా పాడైపోతుంది. అందుకే గట్టు మీద ఏడాదిపాటు పడి ఉన్న మట్టి పుప్పొడి పనికి దండగ.

రేణువులను విడదీసే పద్ధతి ఇది. నమూనా బయటి రెండు మూడు సెంటీమీటర్లు చెక్కేసి, లోపలి నుంచి 5–10 గ్రాములు తీసుకుంటారు. 2–3 మిల్లీమీటర్ల ముక్కలుగా నలగ్గొడతారు. పొడి చేస్తే రేణువులూ పొడైపోతాయి. ముందు 10 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే సున్నం పోతుంది. తర్వాత 40 శాతం హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఇసుక, బంకమట్టి కరుగుతాయి. ఈ ఆమ్లం గాజును తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ పాత్రలే వాడాలి. ఒంటి మీద పడితే నొప్పి వెంటనే తెలియకుండానే ఎముకదాకా దిగుతుంది. ఆవిర్లను బయటికి లాగే ఫ్యూమ్ హుడ్, ఈ ఆమ్లం పడిన చోట రాసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేని కాలేజీ ల్యాబుల్లో దీని జోలికి పోనేకూడదు. లిగ్నైట్ అయితే ఆపై గాఢ నత్రికామ్లంలో ఒకటి నుంచి మూడు రోజులు నానబెడతారు. ముక్క గోధుమరంగుకు తిరిగి మెత్తబడగానే కడిగి, 5–10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ పోస్తే కుళ్లు పదార్థం కాఫీ డికాక్షన్ రంగులో విడిపోతుంది. 150 మైక్రాన్ల జల్లెడలో చెత్త నిలుస్తుంది, 10 మైక్రాన్ల జల్లెడ మీద పుప్పొడి నిలుస్తుంది.

పీట్‌కు నత్రికామ్లం అక్కర్లేదు. దానికి ఎసిటోలిసిస్ చేస్తారు. ఎసిటిక్ అన్‌హైడ్రైడ్ తొమ్మిది పాళ్లు, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం ఒక పాలు కలిపి వేడిచేసి సెల్యులోజును తొలగిస్తారు. ఇందులో నీటిచుక్క పడితే చిమ్ముతుంది. అందుకని ముందూ తర్వాతా గ్లేషియల్ ఎసిటిక్ ఆమ్లంతోనే కడగాలి. చివరికి గ్లిజరిన్ జెల్లీలో స్లయిడు కట్టి, 400 రెట్లు పెద్దదిగా చూస్తూ నమూనాకు కనీసం 200, వీలైతే 300 రేణువులు లెక్కిస్తారు. నత్రికామ్లంలో గంటలు ఎక్కువైతే పలచని తొడుగులు కరిగి, మందపాటివే మిగులుతాయి. చదివేవారు అప్పటి అడవిలో అవే చెట్లుండేవని మోసపోతారు. అందుకే ఒకే నమూనాను రెండు మూడు వ్యవధుల్లో నానబెట్టి పోల్చిచూడటం మంచిది.

లెక్క వచ్చాక దాన్ని చదవడమే కష్టం. పుప్పొడి శాతాన్ని చెట్ల శాతంగా తీసుకోకూడదు. మన కోరంగి మడ అడవినే చూడండి. ఉప్పుపొన్న పుప్పొడి గాలికి ఎగిరి చాలాదూరం పోతుంది. మడ చెట్టుకు కీటకాలతో పరాగసంపర్కం, పుప్పొడి కొద్దిగానే రాలుతుంది. కాబట్టి స్లయిడులో మడ రేణువులు ఐదారు శాతం కనిపించినా చుట్టూ మడ చెట్లు గట్టిగా ఉన్నాయనే అర్థం. ఉప్పుపొన్న పది శాతం కనిపిస్తే అది పక్క ఏటి నుంచి కొట్టుకొచ్చిందని అనుమానించాలి. సరుగుడు రేణువు కనిపిస్తే ఇంకో రకం అనుమానం. సరుగుడును మన తీరాల్లో 19వ శతాబ్దంలో తెచ్చి నాటారు. వేల ఏళ్ల నాటి పొరలో అది కనిపించిందంటే పైమట్టి జారిపడి నమూనా కలుషితమైనట్టే.

ఇప్పుడు మన డెల్టాలో లేని చెట్టు ఒకటి పాత లిగ్నైట్‌లలో తరచూ కనిపిస్తుంది, అది నిపా తాటి. ఉప్పునీటి బురదలో పెరుగుతుంది, ఇవాళ సుందర్‌బన్స్‌లోనూ అండమాన్‌లోనూ ఉంది. దాని రేణువు ఒళ్లంతా ముళ్లు, నడిమికి చుట్టూ చీలిక. ఒకసారి చూస్తే పిల్లలు కూడా మరిచిపోరు. గుజరాత్‌లోని ఈయోసీన్ లిగ్నైట్‌లలో అది దొరుకుతుంది, అంటే 5 కోట్ల ఏళ్ల కిందట అక్కడ ఆటుపోట్లు తగిలే వెచ్చని తీరం ఉండేది. పుప్పొడితోపాటు స్లయిడులోకి వచ్చే డైనోఫ్లాజెల్లేట్, ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల తొడుగులు, లోపొరలు ఉప్పునీటికి సాక్ష్యం చెబుతాయి. ఆకుల మీద పెరిగే మైక్రోథైరియేసీ శిలీంధ్రాల గుండ్రటి బిళ్లలు విస్తారంగా ఉంటే భారీ వర్షాలు, ఎడతెగని తేమ ఉండేవని అర్థం. ఇలాంటి పనికి మన దేశంలో పేరున్న సంస్థ లక్నోలోని బీర్బల్ సహానీ పురాశాస్త్ర సంస్థ, 1946లో స్థాపించారు.

ప్రశ్న: చెట్లు సరే, వాతావరణం ఎలా తెలుస్తుంది? రాజస్థాన్ ఎడారిలో లిగ్నైట్ ఎలా వచ్చింది? గోదావరి సంగతులేమైనా ఇలా తెలిశాయా? — డిగ్రీ విద్యార్థి, కాకినాడ

జవాబు: బికనీర్ జిల్లాలో పలానా, బర్సింగ్‌సర్ లిగ్నైట్ ఈయోసీన్ తొలినాళ్లది. భూమి మొత్తం ఇప్పటికంటే బాగా వేడిగా ఉన్న కాలం అది. ఉత్తరానికి కదులుతున్న భారత ఖండం అప్పుడు భూమధ్యరేఖకు దగ్గర్లో ఉంది. ఇవాళ ఇసుక తప్ప మరోటి లేని చోట అప్పుడు సతతహరిత అడవి, చిత్తడి. సూరత్ జిల్లా వస్తాన్ గనిలో లిగ్నైట్‌తోపాటు జిగురు గడ్డకట్టిన అంబర్ దొరికింది. 2010లో వెలువడిన పరిశోధన ప్రకారం అది సాలవృక్షం కుటుంబపు చెట్ల జిగురు, అందులో వందలాది పురుగులు చిక్కుకుని ఉన్నాయి. కచ్‌లోని పానంధ్రో గనిలో దొరికిన వెన్నుపూసల ఆధారంగా 2024లో ‘వాసుకి ఇండికస్’ అనే పామును వర్ణించారు. వయసు సుమారు 4.7 కోట్ల ఏళ్లు, పొడవు అంచనా 11 నుంచి 15 మీటర్లు. పాము శరీరం తన వేడి తాను తయారుచేసుకోదు కాబట్టి అంత పెద్దది బతకాలంటే ఏడాది సగటు ఉష్ణోగ్రత 28 డిగ్రీల దగ్గర ఉండాలని వారి లెక్క. ఒక్క పాముతో ఉష్ణోగ్రత కట్టేయడం కొంచెం సాహసమే. అయితే అంబర్, నిపా పుప్పొడి కూడా అటే చూపిస్తున్నాయి.

బొగ్గు ముక్క కూడా సాక్ష్యమిస్తుంది. మెరుగు పెట్టిన ముక్క మీద కాంతి పడేసి చూస్తే హ్యూమినైట్ (కాలకుండా కుళ్లిన కర్ర భాగం) ఎక్కువగా ఉందా, ఇనర్టినైట్ ఎక్కువగా ఉందా కనిపిస్తుంది. చిత్తడి ఎండకుండా నిలిస్తే హ్యూమినైట్ పెరుగుతుంది. ఎండి, కార్చిచ్చు రగిలితే కాలిన కర్రబొగ్గు ఇనర్టినైట్‌గా మిగులుతుంది. పొరపొరకూ ఈ నిష్పత్తి లెక్కగడితే ఏ మందంలో వానలు బాగున్నాయో, ఎక్కడ ఎండాకాలాలు ముదిరాయో తెలుస్తుంది. కార్బన్‌-13 (కార్బన్‌లో కాస్త బరువైన రకం) కొలత మరో ఆధారం. ఒక ప్రామాణిక నమూనా కంటే ఎంత తక్కువో వెయ్యికింత అని చెబుతారు. చెట్లు, వరి లాంటివాటిలో అది వెయ్యికి మైనస్ 24 నుంచి 30 దాకా, జొన్న, మొక్కజొన్న, పొడినేలల గడ్డిలో మైనస్ 10 నుంచి 14 దాకా ఉంటుంది. ఏళ్ల లెక్క కూడా కట్టవచ్చు. ఉష్ణమండలంలో పీట్ ఏడాదికి మిల్లీమీటరు అటూఇటూ పేరుకుంటుంది. లిగ్నైట్‌గా మారేటప్పుడు కనీసం మూడో వంతుకు అణుగుతుంది. ఆ లెక్కన పది మీటర్ల లిగ్నైట్ పొర వెనక ముప్పై వేల ఏళ్లకు తక్కువకాని చిత్తడి ఉంది.

గోదావరి సంగతి తెలిసింది బొగ్గులోంచి కాదు, సముద్రపు బురదలోంచి. 2006లో జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం కింద గోదావరి ముఖానికి ఎదురుగా బంగాళాఖాతంలో తీసిన మట్టి కడ్డీలో, నది మోసుకొచ్చిన ఆకుల మైనపు పూతను వేరుచేసి కార్బన్‌-13 కొలిచారు. 2012లో అచ్చయిన ఆ ఫలితం ప్రకారం 4,000 ఏళ్ల కిందటి నుంచి 1,700 ఏళ్ల కిందటి దాకా గోదావరి పరీవాహకంలో పొడిని తట్టుకునే మొక్కల వాటా అంచెలంచెలుగా పెరిగింది. వానలు తగ్గిన గుర్తు అది. మీ డెల్టా పీట్ పొరలు కూడా వేల ఏళ్ల నాటివే. మన ఊరి చెరువు గోడలో కనిపించే నల్లగీతకు విలువ వచ్చేది ఇక్కడే, దాన్ని మంటలో పెట్టడం దండగ అనేది మా గట్టి అభిప్రాయం.

ప్రశ్న: సింగరేణిలో బొగ్గు ఉంది, మన కింద గ్యాస్ ఉంది. రెండింటికీ సంబంధం ఉందా? మన జిల్లాల కింద బొగ్గు ఎందుకు లేదు? — పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: ఉంది, లోతులో. గోదావరి లోయ వెంట పర్మియన్ కాలపు బొగ్గు పొరలు, అంటే 25–30 కోట్ల ఏళ్ల నాటివి, వాయవ్యం నుంచి ఆగ్నేయానికి సాగుతాయి. 1871లో భూగర్భ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర గుర్తించిన బొగ్గు వీటిలోదే. గ్లోసోప్టెరిస్ అనే, పూర్తిగా అంతరించిన మొక్కల ఆకులు అందులో దొరుకుతాయి. అవి పెరిగింది చల్లని వాతావరణంలో, మంచుయుగం ముగిసిన వెంటనే. కాబట్టి సింగరేణి బొగ్గుకూ గుజరాత్ లిగ్నైట్‌కూ వయసులోనే కాదు, చెట్లలో, చలిలో కూడా పోలిక లేదు. చింతలపూడి ప్రాంతంలోనూ భూమిలోపల ఈ బొగ్గు ఉంది. ఇంకా దక్షిణానికి వస్తే పొరలు కిందికి దిగిపోతాయి. మండపేట దగ్గర రెండు కిలోమీటర్లకు పైగా లోతున ఉన్న ఆ బొగ్గు-షేల్ (బంకమన్ను గట్టిపడిన రాయి) పొరకు భూగర్భ శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కొమ్ముగూడెం ఫార్మేషన్.

అంత లోతులో వేడి వంద డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి బొగ్గు, షేల్ గ్యాసును వదులుతాయి. అది పైకెక్కి మండపేట ఇసుకరాయి రంధ్రాల్లో చిక్కుకుంది. మండపేట గ్యాస్‌కు ప్రధానమైన మూలం కొమ్ముగూడెం పొరే. అంటే మన కిందున్న బొగ్గును గనిలో తవ్వుకోకపోయినా, దాని వాయువును ఇప్పటికే వాడుకుంటున్నాం. బొగ్గు ఎంత ‘ఉడికింది’ అన్నది విట్రినైట్ ప్రతిఫలనంతో, అంటే బొగ్గులోని విట్రినైట్ అనే భాగం మీద పడిన కాంతిలో ఎంత శాతం తిరిగొస్తుందో చూసి, కొలుస్తారు. లిగ్నైట్‌కు 0.4 శాతం లోపు, చమురు పుట్టే దశకు 0.6 నుంచి 1.3, ఆపైన గ్యాస్.

సరదాకి ఒక మాట. మన ఊళ్ల పేర్లే ఈ పొరలకు పెట్టారు. పాలకొల్లు షేల్, పాశర్లపూడి ఫార్మేషన్, నరసాపురం క్లేస్టోన్, రాజోలు అగ్నిశిలలు. చివరిది దక్కన్ లావాకు చెందినది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి ఆ లావాయే పంగిడి, గౌరీపట్నం క్వారీల నల్లరాయి. రాజోలులో అది ఒండ్రు కింద చాలా లోతున ఉంది.

ప్రశ్న: చెరువు తవ్విన నల్లమట్టితో గట్లు పోశాం. నెలన్నరకు గట్టు మీద పసుపు మచ్చలు, నీళ్లలో తుప్పురంగు తేలింది. పి.హెచ్. నాలుగుకు పడిపోయింది. సూపర్ ఫాస్ఫేట్ వేసినా నీళ్లకు పచ్చరంగు రావడం లేదు. పీట్‌కూ దీనికీ సంబంధం ఉందా? — ఆక్వా రైతు, భీమవరం

జవాబు: సూటి సంబంధం ఉంది. ఉప్పునీటి మడ బురదలో సముద్రపు సల్ఫేటును బాక్టీరియా సల్ఫైడుగా మారుస్తాయి, అది ఇనుముతో కలిసి పైరైట్ అవుతుంది. మంచినీటి చిత్తడిలో పెరిగిన పీట్‌లో గంధకం తక్కువ, సముద్రం తగిలినదాంట్లో ఎక్కువ. లిగ్నైట్‌లో గంధకం శాతం చూసి ఆనాడు సముద్రం ఎంత దగ్గర్లో ఉందో చెప్పడం కూడా దీని వల్లే. నీళ్లలో మునిగి ఉన్నంతకాలం పైరైట్ ఏమీ చేయదు. తవ్వి గట్టు మీద పోస్తే గాలి తగిలి సల్ఫ్యూరిక్ ఆమ్లం వదులుతుంది. మీరు చూసిన పసుపు మచ్చలు జారోసైట్ అనే ఖనిజం. తుప్పు తేట ఇనుము, చేపలకు ఎక్కువైతే మొప్పల మీద పేరుకుంటుంది. ఆమ్లంలో కరిగిన అల్యూమినియం, ఇనుము భాస్వరాన్ని పట్టేసుకుంటాయి, సూపర్ బస్తాలు పోసినా ప్లాంక్టన్ (నీళ్లకు పచ్చరంగునిచ్చే సూక్ష్మజీవులు) లేవకపోవడానికి కారణం అదే.

తవ్వకముందే పరీక్ష చేసుకోవచ్చు. చెంచాడు పచ్చిమట్టిని గాజు బీకరులో వేసి, 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దికొద్దిగా పోయండి. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి, పొంగి పైకి చిమ్ముతుంది. పొంగు ఆగి చల్లారాక పి.హెచ్. చూడండి. 3 కంటే కిందికి దిగి, గంధకపు వాసన వేస్తే ఆ మట్టిని కదపకండి. సీసాలోని పెరాక్సైడే ఆమ్లంగా ఉండొచ్చు కాబట్టి ముందే దాని పి.హెచ్. చూసి, పలచని కాస్టిక్‌తో 4.5–5.5 మధ్యకు తెచ్చుకోవాలి. నాచు, వేళ్లు బాగా ఉన్న మట్టి కూడా పొంగుతుంది, పి.హెచ్. కాస్త తగ్గిస్తుంది, కానీ 3 దిగువకు తేవడం అరుదు. గుల్లలున్న మట్టిలో సున్నం ఆమ్లాన్ని మింగి ముప్పును కప్పిపుచ్చుతుంది. ఆరిపోయిన మట్టితో చేసిన పరీక్షను నమ్మకండి.

ఇప్పటికే జరిగినదానికి సున్నం ఎంత కావాలో లెక్క చూద్దాం. ఒక టన్ను మట్టిలో పైరైట్ గంధకం 1 శాతం ఉంటే, అంతా ఆక్సీకరణం చెందాక దాదాపు 31 కిలోల సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. దాన్ని విరవడానికి 31 కిలోల వ్యవసాయ సున్నం కావాలి. మట్టిలో సరిగా కలవదు కాబట్టి ఒకటిన్నర రెట్లు వేయమంటారు. ఎకరం మీద 10 సెంటీమీటర్ల మందం అంటే సుమారు 400 టన్నుల మట్టి. అసలు లెక్కకే 12.5 టన్నుల సున్నం! అందుకే సున్నం మీదే ఆధారపడటం లాభం లేదు. చెరువును పది పదిహేను రోజులు ఎండగట్టి, ఉప్పునీరు పెట్టి, నిలవబెట్టి, బయటికి వదిలి, ఇలా పి.హెచ్. 5 పైన నిలిచేదాకా కొన్నిసార్లు కడగాలి. వదిలే నీళ్లు పక్కవాళ్ల చెరువుకో పంటకాలువకో పోకూడదు, ముందు ఒక గుంటలో సున్నంతో విరిచి వదలండి. గట్టు లోపలి వాలుకు, పైకి అడుగు మందాన మంచి బంకమట్టి కప్పితే వానకు కొత్త ఆమ్లం దిగదు. పీట్ కలిసిన మట్టిని గట్టు నడిమిలో పెడితే అది ఎండి కుంగుతుంది, సందులు పడి నీరు కారుతుంది, ఆ పని చేయకండి. కొత్తగా తవ్వేవాళ్లు నల్లపొరకు అడుగు పైన ఆపేయడమే చౌక.

ప్రశ్న: లిగ్నైట్‌లో ఇంధన విలువ ఎంత? ఇక్కడి పీట్‌ను ఇటుకలు చేసి మిల్లు బాయిలర్లకు అమ్ముకోవచ్చా? — రైసుమిల్లు గుమాస్తా, తణుకు

జవాబు: ముందు కొలిచే పద్ధతి. నమూనాను 212 మైక్రాన్ల జల్లెడ దాటేలా నూరి, ఒక గ్రాము చొప్పున మూడు పరీక్షలు చేస్తారు. 108 డిగ్రీల దగ్గర ఆరబెడితే పోయింది తేమ. మూత బిగించిన మూసలో 900 డిగ్రీల దగ్గర ఏడు నిమిషాలు ఉంచితే, తేమ పోగా పోయింది ఆవిరయ్యే పదార్థం. గాలి తగిలేలా 815 డిగ్రీల దగ్గర కాల్చాక మిగిలింది బూడిద. ఈ మూడూ తీసేస్తే మిగిలేది స్థిర కార్బన్. వేడి విలువను బాంబ్ కెలోరీమీటర్‌తో కొలుస్తారు. లిగ్నైట్ దగ్గర జరిగే తప్పు తేమ దగ్గరే. గని నుంచి తెచ్చిన ముక్క సంచిలోనే తేమ వదిలేస్తుంది, అక్కడ 50 శాతం ఉన్నది ల్యాబులో 20 చూపి, వేడి విలువ ఉన్నదానికంటే ఎక్కువ చూపుతుంది. గాలి చొరని డబ్బాలో పంపి, తూకాన్ని గనిలోని తేమకు తిరిగి లెక్కించాలి. నైవేలి లిగ్నైట్ గనిలో ఉన్న తేమతో కిలోకు సుమారు 2,400–2,700 కిలోకేలరీలు. తేమ సగం దాకా ఉన్నా బూడిద చాలా తక్కువ, అదే దాని బలం. కుప్పగా పోస్తే దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది కాబట్టి దూరం పంపరు, గని పక్కనే విద్యుత్కేంద్రం కడతారు.

ఇక మీ ఇటుకలు. పచ్చి డెల్టా పీట్ కిలోలో 850 గ్రాములు నీరే అనుకుందాం. ఆ నీటిని ఆవిరి చేయడానికి 500 పైచిలుకు కిలోకేలరీలు. మిగిలిన 150 గ్రాముల పొడిలో బూడిద 40 శాతం అయితే వచ్చేది 450 దాకా. తడిగా కాల్చితే చేతి కట్టెలే వేయాల్సి వస్తుంది. ఎండలో ఆరబెట్టారే అనుకోండి, ఉప్పు, గంధకం బాయిలరు గొట్టాలను తినేస్తాయి. మీ మిల్లులోనే పుట్టే ఊక 10 శాతం తేమతో కిలోకు 3,000 కిలోకేలరీల పైన ఇస్తుంది. ఎకరంలో అడుగు మందం పొర మొత్తం ఎత్తినా ఎండినాక రెండు మూడు వందల టన్నులే, అందులో సగం మన్ను. దాని కోసం వరిచేను గుంట చేసుకోవడం ఏ లెక్కనా గిట్టదు.

డెల్టా కింద నిజమైన లిగ్నైట్ ఉన్నా తవ్వడం తేలిక కాదని కావేరీ చెబుతోంది. దేశంలో లెక్కతేలిన లిగ్నైట్ సుమారు 4,700 కోట్ల టన్నుల్లో దాదాపు ఐదింట నాలుగు వంతులు తమిళనాడులోనే ఉంది. మన్నార్గుడి నిల్వ కావేరీ డెల్టా పొలాల కిందే ఉంది. నైవేలిలో ఒక్క టన్నుకు ఐదారు ఘనమీటర్ల పైమట్టి తియ్యాలి, కింది పొరలో పీడనంతో ఉన్న నీటిని రేయింబవళ్లు తోడాలి, లేకపోతే గని అడుగు పైకి ఉబుకుతుంది. తీరం పక్కన అలా తోడితే ఉప్పునీరు లోపలికొస్తుంది. 2020లో కావేరీ డెల్టాను చట్టంతో రక్షిత వ్యవసాయ ప్రాంతం చేశారు. 2023లో అక్కడి బ్లాకులను వేలం నుంచి తప్పించారు.

ప్రశ్న: చేతిబోరులో నీళ్లతోపాటు బుడగలొస్తున్నాయి, అగ్గిపుల్ల పెడితే మండింది. ఓఎన్‌జీసీ గ్యాసేనా? — గృహిణి, ముమ్మిడివరం మండలం

జవాబు: అగ్గిపుల్ల మళ్లీ పెట్టకండమ్మా. గాలిలో మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే పేలుతుంది. బోరు గదిలో ఉంటే కిటికీలు తెరిచి ఉంచండి, మోటారు స్విచ్ బయట పెట్టించండి. పాత బావిలోకి మనిషిని దించవద్దు, ఊపిరాడదు. వంద అడుగుల లోపు బోర్లలో వచ్చేది ఎక్కువగా పీట్, కుళ్లిన ఆకుల నుంచి బాక్టీరియా చేసిన మీథేనే. తేల్చడానికి ల్యాబు చాలు. బాక్టీరియా గ్యాస్‌లో ఈథేన్ ఉండీ లేనట్టు ఉంటుంది, కార్బన్‌-13 మైనస్ 60 కంటే కిందికి ఉంటుంది. లోతు గ్యాస్‌లో ఈథేన్, ప్రొపేన్ కలిసి, విలువ మైనస్ 50 పైన ఉంటుంది. పైపులైను దగ్గర్లో ఉండి బుడగలు హఠాత్తుగా మొదలైతే మాత్రం ముందు తహసీల్దారు కార్యాలయానికి, పైపులైను బోర్డు మీదున్న నంబరుకు చెప్పండి.

ప్రశ్న: మాకు దొరికిన నల్ల కర్ర వయసు తెలుసుకోవాలి. ఎలా తీసి, ఎక్కడికి పంపాలి? — యువజన సంఘం, సఖినేటిపల్లి

జవాబు: కార్బన్‌-14తో సుమారు 50 వేల ఏళ్ల దాకా వయసు చెప్పవచ్చు. లిగ్నైట్‌లో అది ఎప్పుడో హరించుకుపోయింది, డెల్టా కర్రకు మాత్రం సరిగ్గా సరిపోతుంది. కర్ర బయటి వలయాల నుంచి, బెరడుకు దగ్గరగా ముక్క తీయండి. నడిమి చేవ చెట్టు చచ్చేనాటికే వందేళ్లు పాతదై ఉండొచ్చు. పీట్ అయితే అందులోని గింజో ఆకో ఏరండి, కొత్త చెట్ల వేళ్లు చొచ్చుకుపోయి ఉంటే తీసేయండి. ఉప్పునీటి నత్తగుల్లతో తీస్తే వయసు వందల ఏళ్లు ఎక్కువ చూపుతుంది. పది గ్రాములు చాలు, యాక్సిలరేటర్ పద్ధతికి మిల్లీగ్రాములే సరిపోతాయి. ఢిల్లీలోని ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో, లక్నో సహానీ సంస్థలో, అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాలలో ఈ పని జరుగుతుంది. ముందు ఉత్తరం రాసి వీలు కనుక్కుని, దగ్గరి కాలేజీ భూగర్భశాస్త్ర విభాగం ద్వారా పంపడం మేలు.

తవ్విన గోడను శుభ్రంగా చెక్కి, టేపు నిలబెట్టి ఫోటో తీయండి. లోతును పైమట్టి నుంచి కాకుండా ఒక స్థిరమైన గుర్తు నుంచి, కల్వర్టు అంచో మైలురాయో అయితే మంచిది, కొలవండి. గట్టు లేచినా దిగినా ఆ లెక్క చెడదు. స్టీలు కత్తి, కడిగిన చేతులు, అల్యూమినియం రేకు. దూది, పాత కాగితం, వార్నిషు, పురుగుమందు తగలకూడదు. రేకులో చుట్టాక మీద పెన్సిలుతో లోతు, తేదీ, స్థలం రాసి నీడలో ఆరబెట్టండి. తడిగా పాలిథిన్ కవరులో బిగిస్తే బూజు పడుతుంది, ఆ బూజులోని ఇవాళ్టి కార్బన్ కలిసి కర్ర అసలు వయసు కంటే తక్కువ చూపిస్తుంది.